"ఎల్లదీసుడు", "గడపడం" రెండు ఒకటేనా? మా పిల్లగాని నోట్‌బుక్ పంచాయితి

పోస్ట్ పెట్టింది: నల్గొండ టైలరక్క

అందరికి నమస్తే. చాన రోజులైంది ఈ గ్రూపుల రాయక. ఇయ్యాల జర కోపంల ఉండి రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా చిన్నోడు ఆరో తరగతి. తెలుగుల "మా కుటుంబం" మీద పది వాక్యాలు రాయమన్నరట. వీడు రాసిండు, "మా నాయిన ఆటో నడుపుతడు. మా అమ్మ బట్టలు కుడుతది. ఇద్దరు కలిసి ఎట్లనో ఎల్లదీస్తున్నరు" అని. ఆ చివరి మాట చుట్టు ఎర్ర పెన్నుతోని గుండ్రంగ గీసి పైన "గడుపుతున్నారు" అని దిద్దిచ్చిండ్రు. అర మార్కు పోయింది, మార్కు సంగతి కాదు నాది.

ఆ మాట వీడు యాడికెల్లి పట్టుకొచ్చిండో నాకు తెలుసు. మా అత్తమ్మ దగ్గరికెల్లి. ఆమె మర్రిగూడ దిక్కు ఊర్లె ఉంటది, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగింది, కింద కూసుంటే ఇద్దరు పట్టి లేపాలె, మామయ్యకు గూడ అంతే, ఒకలకొకలు చెయ్యిచ్చుకోని లేస్తరు, చూసినోళ్లకు నవ్వొస్తది, ఏడుపు గూడ వస్తది. ఫోన్ చేసి ఎట్లున్నవత్తమ్మా అంటే నేను కోడలిగ వచ్చిన కాంచి ఒకటే జవాబు. "ఏముంది బిడ్డా, ఎల్లదీస్తున్నం." నేను మొదట్ల అనుకునేదాన్ని, ఈమె ఎప్పుడు ఏడుపు ముచ్చటే చెప్తదని. ఇప్పుడనిపిస్తుంది ఆ మాటల ఏడుపు సగమే ఉన్నదని.

జర ఆలోచించుండ్రి. మనం "వెళ్ళాడు" అనం, "పోయిండు" అంటం. వెళ్ళుడు మన నోట్లకెల్లి పోయిందని అనుకుంటం గని పోలే, "ఎల్లుడు" అని ఇంకో పనికి దాసుకున్నం. లోపల ఇరికింది బయటికొస్తే ఎల్లుడు. కాలుల ముల్లు ఎల్లింది. బోర్ల నీళ్లు ఎల్లినయ్. ఎకరానికి ఎన్ని బస్తాలు ఎల్లినయ్? పూట ఎల్లింది, నెల ఎల్లుతలేదు. గడుపుడు అట్ల కాదు గదా, మంచంల పండుకున్నా గూడ టైం గడుస్తది. ఎల్లదీసుడుల "తీసుడు" ఉన్నది, ముల్లు తీసినట్టు కూసోని, ఓపికతోని, పిన్నీసు పట్టుకోని తియ్యాలె. నెలను గూడ గట్లనే తియ్యాలె.

నాకీ మాట అర్థమైంది 2020ల. మార్చిల లాక్‌డౌన్ పడ్డది, ఆటో ఇంటి ముంగట కవర్ కప్పుకోని నిలబడ్డది, ఫైనాన్సోళ్ల కిస్తీ మాత్రం నిలబడలే. నేను పాత కాటన్ చీరెలు చింపి మాస్కులు కుట్టుడు మొదలుపెట్టిన. మా ఆయనకు సూది చేతికి రాదు, రబ్బరు దారం జానెడు జానెడు కత్తిరిచ్చుకుంట పక్కన కూసునేటోడు. కూసున్నప్పుడల్ల కొట్లాటనే అనుకోండ్రి, ఒక ముక్క పొడుగు ఒక ముక్క పొట్టి, పైంగ పక్కింటి ముసలాయనకు రెండు మాస్కులు ఊకెనే ఇచ్చిండని నేను రెండు రోజులు మాట్లాడలే. ఒక రాత్రి బియ్యం డబ్బ అడుగు గీరుతున్న, డబ్బ సప్పుడు ఆయనకు ఇనపడ్డట్టుంది, వాకిట్ల కూసునే అన్నడు, "ఈ నెల ఎల్లదీసినవ్ పో." అంతే. నా దిక్కు చూడను గూడ చూడలే. పెండ్లయి పదేండ్లకు ఆయన నాకు చెప్పిన థాంక్స్ అదొక్కటే, అంతకుముందు లేదు, తర్వాత గూడ లేదు, నేను అడగలే.

గందుకని ఆ ఎర్ర గీత చూసినంక మనసున పట్టలే. మీ దిక్కు ఈ మాట ఉన్నదా? ఉంటే ఎట్ల వాడుతరు? ఇది బాధ మాటనా, మంచి మాటనా?

మిర్యాలగూడ మిల్లు గుమస్తా:
అక్కా, మాది సాగర్ ఎడమ కాల్వ కింద. ఇక్కడ ఎన్ని బస్తాలు ఎల్లినయ్ అన్నది పొద్దున లేస్తే ఇనే మాటనే. కాని ఎల్లదీసుడు అంటే మాత్రం నాకు బాధ మాటనే అనిపిస్తది. నెలాఖరుకే ఇనొస్తది అది. మా ఆవిడ అంటది, నువ్వు జీతం తెస్తవ్ నేను ఎల్లదీస్తా అని, అన్నప్పుడల్ల నాకు తల వంచుకోబుద్ధైతది. మీ ఆయనలెక్క తిరిగి ఒక మాట అనాల్నని ఇప్పటిదాక తోచలే. ఇంకోటి, మీరు పోస్టుల "యాడికెల్లి", "దగ్గరికెల్లి", "నోట్లకెల్లి" అని రాసిండ్రు, చూసుకున్నరా? "కెల్లి"ల గూడ ఎల్లుడే కూసున్నట్టున్నది.

నల్గొండ టైలరక్క:
అబ్బ, చూసుకోలే తమ్మీ! నల్గొండకెల్లి, ఇంట్లకెల్లి, రోజుకు వందసార్లు అంటం. పుస్తకాల "నుండి" అంటరు గని మనకు యాడి నుంచి వచ్చినా ఎల్లుడే.

నారాయణపేట చీర:
నేను ఎప్పుడు రాయ, చదివి పోత. ఇయ్యాల రాయబుద్ధైంది. మాది నారాయణపేట దగ్గర ఊరు, అప్పుడింక మహబూబ్‌నగర్ జిల్లానే. మా నాయిన గుంపు మేస్త్రి ఎంబడి బొంబాయి పోయేటోడు, పాలమూరు లేబర్ అని పేరుకు అందరికి తెలుసు గని ఇంట్ల మిగిలినోళ్ల సంగతి ఎవరికి తెల్వదు. అమ్మ, నేను, తమ్ముడు, ఒక బర్రె. నాయిన సంవత్సరానికి ఒక్కసారి కురుమూర్తి జాతరకు వచ్చేటోడు, దీపావళి దాటినంక, వస్తే పదిహేను రోజులు. ఊర్లె ఎవరన్న "ఎట్ల ఎల్లదీసినవే ఇన్ని రోజులు" అంటే అమ్మ "ఎట్లనో ఎల్లదీసిన" అనేది. ఎల్లదీసిన. ఒక్కతి.

నాయిన బొంబాయి మానేసి వచ్చినంక గూడ చాన రోజులు ఆమె "ఎల్లదీసిన" అనే అన్నది, పక్కన ఆయన కూసున్నా గూడ. ఆయన ఏమనకపోయేది. పొద్దుగాల లేసి బర్రెకు గడ్డి వేసి పాలు పిండి చాయ్ గూడ ఆయనే పెట్టేటోడు, మా ఊర్లె మొగోళ్లు చాయ్ పెట్టుడు అప్పుడు లేదు, నవ్విండ్రు అందరు. నా పెండ్లికి చుట్టాలొచ్చి అమ్మను అడిగిండ్రు, పిల్లను ఇంత చదివిచ్చి ఎట్ల చేసిండ్రమ్మా అని. అమ్మ అన్నది, "ఎట్లనో ఎల్లదీసినం." నేను పసుపు బట్టలల్ల కూసోని ఇన్న ఆ సున్న. నాయిన గూడ ఇన్నడు, ఎందుకంటే లేసి బయటికి పోయిండు, బీడీ తాగుతందుకు అన్నడు గని బీడీ మానేసి అప్పటికి నాలుగేండ్లు.

నల్గొండ టైలరక్క:
చెల్లీ… ఏం రాయాల్నో తెలుస్తలేదు. తర్వాత రాస్త.

వనపర్తి రిటైర్డ్ పంతులు:
అమ్మా, దిద్దినవాళ్ల తరఫున ముందు నేను క్షమాపణ చెప్తున్నాను, నేను కూడా ముప్పై ఏళ్లు ఎర్ర పెన్ను పట్టినవాణ్ణే, ఇలాంటివి నేనూ చాలా కొట్టేసి ఉంటాను. మాట విషయానికొస్తే మీ పిల్లవాడు రాసింది తప్పు కానే కాదు. "వెళ్ళదీయు" మంచి తెలుగు మాట. మన నోట్లో మాట మొదటి వకారం జారిపోతుంది, వెన్న ఎన్న అయినట్టు, వెలుగు ఎలుగు అయినట్టు, వెళ్ళదీయు ఎల్లదీసుడు అయింది. వెళ్ళు అంటే పాత తెలుగులో ముందు బయటికి రావడమే, వెలి, వెలుపల దాని చుట్టాలే, అంటే ముల్లు ఎల్లడం, బస్తాలు ఎల్లడం అనే మీ వాడుకలే పాతవి, "ఊరికి వెళ్ళాడు" తర్వాతది. ఇంకొక జంట మాట ఉంది చూడండి, "వెళ్ళబుచ్చు". కాలం వెళ్ళబుచ్చడం, పొద్దుపుచ్చడం, ఆ పుచ్చడంలో కష్టం లేదు, ఊరికే సాగనంపడం. గడపడం దానికి దగ్గర. తీయడం వేరు.

సంసారం అన్న మాట కూడా సంస్కృతంలో కదలికే. సృ అంటే కదలడం, పారడం. దానికి ముందు సం చేరితే కలిసి పారడం అనుకోవచ్చు, వేదాంతులు మాత్రం జన్మల చుట్టూ తిరగడం అని భయపెట్టారు. మన ముసలమ్మలు ఆ పారేదాన్ని పట్టుకుని ఎల్లదీసుడు అన్నారు, వాళ్లకి వ్యాకరణం ఎవరూ చెప్పలేదు.

ఎర్ర పెన్ను కొత్తది కాదమ్మా. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే మన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మందిని చూపించారు. ఆయనది మన పాలమూరే. మనం ఒక్కొక్క మాట చూపిస్తే చాలు.

పేరెందుకులే:
సంసారం గుట్టు రోగం రట్టు అన్నరు పెద్దలు. భాష గ్రూపుల బియ్యం డబ్బ సంగతులు, మొగని థాంక్సు సంగతులు ఎందుకో. మాట అడిగితే మాట అడగాలె.

నల్గొండ టైలరక్క:
అన్నా, మాట బియ్యం డబ్బల్నే ఉండే, ఏం చెయ్యమంటవ్.

సూర్యాపేట పోరి:
అందరు మంచిగనే రాస్తున్నరు, నాకు మాత్రం జర భయం అయితుంది. "ఎట్లనో ఎల్లదియ్యే" అని మా పెద్దమ్మకు అందరు చెప్పిండ్రు, తాగొచ్చి కొట్టేటోనితోని. ఇరవై ఏండ్లు ఎల్లదీసింది. ఎవ్వరు గూడ ఆమెను పూట ఎట్ల ఎల్లుతుందని అడగలే, ఎల్లదియ్యి అని మాత్రం చెప్పిండ్రు. ఈ మాటను దేవుని గుళ్లె పెట్టకుండ్రి.

నల్గొండ టైలరక్క:
నూటికి నూరు పాళ్లు నిజం చెల్లీ. తనంతట తాను అనుకుంటే అది ఒక మాట, పక్కోళ్లు ఆజ్ఞ ఇస్తే అది వేరే మాట. "ఎల్లదీస్తున్నం", "ఎల్లదియ్యి" ఒకటి కావు. కొట్టేటోడు ఉంటే ఆడ ఎల్లదియ్యాల్సింది నెల కాదు, ఇంట్లకెల్లి మనమే ఎల్లాలె. ఆడోళ్లకు సాయం చేసే 181 నంబర్ ఉన్నది, మా కుట్టు క్లాసుల గోడ మీద పెద్దగ రాసిపెట్టిన నేను. మీ పెద్దమ్మ ఇప్పుడెట్లుంది?

సూర్యాపేట పోరి:
మా అమ్మ దగ్గర్నే ఉంటది అక్కా ఇప్పుడు. టిఫిన్ బండి పెట్టింది. పొద్దున పది గంటల వరకే ఇడ్లి ఖతం అయితది. 

అచ్చంపేట అల్లుడు:
ఇంత మంచి చర్చల నా తెలివి గూడ జర చూపిస్త. ఎల్లుండి అంటే గూడ ఎల్లుడే కదా? రేపు ఎల్లితే ఎల్లుండి ఉంటది 😀

వనపర్తి రిటైర్డ్ పంతులు:
నాయనా, అది వేరే ఇంటి మాట. పాత తెలుగులో ఎల్లి అంటే రేపు. దానికీ దీనికీ పేరు కలిసింది కానీ రక్తసంబంధం లేదు. జోకు మాత్రం బాగుంది, మా ఆవిడకి చదివి వినిపించాను, నవ్వింది.

అచ్చంపేట అల్లుడు:
సరే సార్ ఓడిపోయిన. మరి ఇది చెప్పుండ్రి. మా అత్తగారింట్ల ఏ కష్టమొచ్చినా మా మామ "ఎల్లుతది తియ్" అంటడు. బోరు ఎండింది, ఎల్లుతది తియ్. పత్తి రేటు పడిపోయింది, ఎల్లుతది తియ్. ఆయనకు బైపాస్ ఆపరేషన్ అని డాక్టర్ చెప్తే డాక్టర్‌కు గూడ అదే చెప్పిండు. మా అత్తకు ఆ మాట ఇంటే మంట. ఈ పోస్ట్ చదివినంక చూస్తే ఎల్లుడు ఉన్నది, ఎనక తియ్ గూడ ఉన్నది, రెండు కలిపితే ఎల్లదియ్ అయింది కదా. ఇప్పుడు జరిగితే "ఎల్లింది" అంటం, రేపటికి "ఎల్లుతది తియ్" అంటం. ఆపరేషన్ అయినంక మామ కండ్లు తెర్వంగనే అత్త ముంగటికి వంగి "ఎల్లింది" అన్నది. తియ్ అనలే, ఎల్లింది అని మాత్రం అన్నది. ఆమె నోటికెల్లి నేను ఆ మాట ఇనుడు అదే మొదటిసారి.

మిర్యాలగూడ మిల్లు గుమస్తా:
నేను గిది చదివి మా ఆవిడకు "ఎల్లదీసినవ్ పో" అన్న. ఏమైంది నీకు, పైసలు ఏమన్న పోగొట్టినవా అని జేబులు తడిమి చూసింది.

నల్గొండ టైలరక్క:
😂 తమ్మీ, నెలాఖరుకు అనాలె, పదో తారీకుకు కాదు.

అందరికి చెప్పేదేందంటే, ఇయ్యాల బడికి పోయిన. కొట్లాడుదామనే పోయిన నిజం చెప్పాల్నంటే. తెలుగు మేడం చిన్న పిల్లనే, పాతికేండ్లుంటయేమో. ఎల్లదీసుడు అంటే తెలుసా మేడం అన్న. "తెల్వకేందక్కా, మా అమ్మ రోజు అంటది, కాని పదోతరగతి పేపర్ దిద్దేటోళ్లు మనోళ్లు ఉంటరో ఉండరో, అప్పుడు పోతది మార్కు, ఇప్పట్నుంచే అలవాటు చేస్తున్న" అన్నది. ఆమె గూడ తప్పు కాదనిపిచ్చింది. పట్టుకపోయిన కోపం అట్లనే తిరిగి తెచ్చుకున్న. ఎర్ర గీత కింద పెన్సిల్‌తోని చిన్నగ "ఇది కూడా రైటే" అని రాసిచ్చింది, మార్కు మాత్రం ఇయ్యలే.

నారాయణపేట చెల్లీ, మీ అమ్మ సున్న ముచ్చట మా అత్తమ్మకు ఫోన్ల చెప్పిన. కొద్దిసేపు సప్పుడు చెయ్యలే. తర్వాత మామయ్యను కేకేసి, "ఇంటున్నవా, గదేదో బొంబాయి పోయినోని సంగతి" అని మొత్తం మళ్ల ఆయనకు చెప్పుడు మొదలుపెట్టింది, నేను లైన్ల ఉన్న సంగతే మర్సిపోయింది.

చిన్నోడు అడుగుతుండు, అమ్మా మరి పరీక్షల ఏం రాయాలె, గడుపుతున్నరా ఎల్లదీస్తున్నరా అని. ఇంక జవాబు చెప్పలే. ఈయన ఆటో సప్పుడు ఇనొస్తుంది, చాయ్ పెట్టాలె, ఉంట.