పాకే పాప, పక్కింటి పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకలను వదిలించుకోవడం ఎలా?

ప్రశ్న

మేము విజయవాడలో ఒక పాత డాబా ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. నెల రోజులుగా వంటగదిలో ఎలుకల బెడద ఎక్కువైంది. బియ్యం డబ్బా మూత అంచును కొరికేశాయి, సింకు కింద రోజూ పెంటికలు కనిపిస్తున్నాయి. మా పాపకు పదకొండు నెలలు. పాకుతూ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. పక్కింటివారి పిల్లి పెరటి గుమ్మం నుంచి వచ్చిపోతుంటుంది, మెట్ల మీద రెండు వీధికుక్కలు పడుకుంటాయి. కిరాణా కొట్టులో ఒక ట్యూబు ఇచ్చి, అందులోని ముద్దను టమాటా ముక్కకు పూసి పెట్టమన్నారు. బీరువా పైన పెట్టాను గాని తెరవడానికి ధైర్యం చాలలేదు. ఏ జాగ్రత్తలతో వాడవచ్చునో చెప్పగలరా?

జవాబు 1

తెరవకపోవడమే మంచిదైంది. అటువంటి ట్యూబుల్లో సాధారణంగా ఉండేది పసుపు భాస్వరం. చూడటానికి టూత్‌పేస్టులా ఉండటం వల్ల దానితో పళ్ళు తోముకున్నవారు కూడా ఉన్నారు. తిన్న తరువాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ పైన కాలేయం దెబ్బతింటుంది. దీనికి విరుగుడు మందు లేదు. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో దీనిని భద్రంగా వాడే పద్ధతి అంటూ లేదని నా అభిప్రాయం. మామూలు చెత్తలో వేస్తే కుక్కలు లాగుతాయి కనుక, గట్టిగా చుట్టి, విషమని చెప్పి, పారిశుద్ధ్య కార్మికుల చేతికే విడిగా ఇవ్వండి. ఎప్పుడైనా ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, పాలు, నూనె పట్టించకుండా, ఆ ట్యూబును కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

జవాబు 2

మందు సంగతి అలా ఉంచి, ముందుగా అవి వచ్చే దారిని కనిపెట్టండి. పాప పడుకున్న తరువాత గోడల వెంబడి పలుచగా ముగ్గుపిండి చల్లి, తెల్లవారి పాప లేవకముందే చూసి తుడిచేయండి. అడుగుల జాడ ఏ కన్నం దగ్గర ఆగిందో తెలిసిపోతుంది. మా ఇంట్లో అది సింకు గొట్టం గోడలోకి దిగే చోట, బొటనవేలు పట్టేంత సందు. చుంచులకైతే పెన్సిలు దూరేంత సందు చాలు. ఒట్టి సిమెంటును తవ్వేస్తాయి కాబట్టి, గిన్నెలు తోమే స్టీలు పీచును లోపల బిగించి కూరి, దాని పైన సిమెంటు పూయించండి. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి మార్చండి, రాత్రిపూట ఎంగిలి గిన్నెలు ఉంచకండి.

లోపల మిగిలినవాటికి ఇనుప బోను చాలు. ఎలుక కొత్త వస్తువును చూస్తే కొన్ని రోజులు దగ్గరికి రాదు. అందుకని మూడు రాత్రులు బోను తలుపు పడకుండా దారంతో కట్టి, కాల్చిన కొబ్బరిముక్క పెట్టి తిననివ్వండి, నాలుగో రాత్రి దారం విప్పండి. గోడను ఆనించి, పాప తీయలేని గడియ ఉన్న అలమారలో పెట్టడం మంచిది. జిగురు అట్టల జోలికి పోకండి: పిల్లి కాలు అంటుకుంటే విడదీయడం నరకం, పైగా వాటిని వాడవద్దని భారత జంతు సంక్షేమ మండలే చెప్పింది.

జవాబు 3

నేను పశువైద్యుణ్ణి. ‘కేకు’ పేరుతో అమ్మే బ్రోమాడియోలోన్ బిళ్ళల గురించి ఒక మాట చెప్పాలి. అది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులపాటు నీరసంగా తిరుగుతుంది. అటువంటి ఎలుకలనే పిల్లి సులువుగా పట్టి తింటుంది, ఆ విషం పిల్లికి కూడా చేరుతుంది. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, నల్లని విరేచనం వంటి లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టవచ్చు, కాబట్టి తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. విటమిన్ కె1తో చికిత్స ఉంది, కాని వారాల తరబడి ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గుపిండి ఉపాయం ఫలించింది. జాడలు గ్యాసు బండ వెనుక కన్నం దగ్గర ఆగాయి. సందు మూయించాము, బోనులో రెండు పడ్డాయి. అయితే అటక మీద మాత్రం ఇంకా చప్పుడు వినిపిస్తోంది.

జవాబు 2 రాసినవారు

అవి పైనుంచి దిగేవి అయి ఉంటాయి. డాబాకు తగిలే చెట్టు కొమ్మ ఏదైనా ఉంటే కొట్టించి, అటక కిటికీకి సన్నని ఇనుప జాలీ వేయించండి.