హైపో, ఫెర్రిక్ ట్యాంకులు పక్కపక్కనే ఉన్నాయి: మీ ప్లాంట్లలో ఎలా చూసుకుంటున్నారు?

కొత్త_షిఫ్ట్_ఇన్‌చార్జ్
అందరికీ నమస్కారం. పోయిన నెల నుంచి మా మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లో కెమికల్ స్టోర్ కూడా నాకే అప్పగించారు. సోడియం హైపోక్లోరైట్ (క్రిముల్ని చంపే హైపో ద్రావణం), ఫెర్రిక్ క్లోరైడ్ (నీటిలో మురికిని గడ్డకట్టించే ద్రావణం) ట్యాంకులు రెండింటి చుట్టూ, కారింది బయటికి పోకుండా కట్టిన గట్టు ఒకటే. నింపే పైపులు కూడా ఒకేలా ఉన్నాయి. రాత్రిపూట ట్యాంకర్ వస్తే టెన్షన్‌గా ఉంటోంది. ముందుగా ఏం సరిచేయించాలి?

గోదావరి_ఆపరేటర్
ముందు ఆ పైపుల సంగతి చూడు తమ్ముడూ. మా పాత ప్లాంట్‌లో జరిగింది చెప్తాను. తెల్లవారుజామున ఫెర్రిక్ ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ కొత్త, మా హెల్పర్ నిద్రమత్తులో ఉన్నాడు. హోస్ తీసుకెళ్లి హైపో పైపుకి బిగించేశారు. పంపు వేసిన కాసేపటికే ట్యాంక్ పైనుంచి పసుపుపచ్చ పొగ. ఫెర్రిక్‌కి ఆమ్లగుణం ఉంటుంది, హైపోలో పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పంపు ఆపి, గాలి వచ్చే వైపుకి పరిగెత్తాం. డ్రైవర్ మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత మేం చేసినవి: రెండు పైపులకీ వేర్వేరు సైజు కప్లింగులు పెట్టాం, ఒకదాని హోస్ ఇంకోదానికి పట్టదు. మూతలకి తాళాలు వేశాం, తాళంచెవి ఇన్‌చార్జ్ దగ్గరే. ట్యాంకర్ కాగితాలు చదివి, సీసాలోకి కొంచెం తీసి చూశాకే తాళం తీస్తాం. ఫెర్రిక్ ముదురు గోధుమ రంగు, హైపో లేత పసుపు, చూడగానే తెలిసిపోతుంది. చీకటి పడ్డాక అన్‌లోడింగ్ లేదు, ట్యాంకర్ గేటు దగ్గరే ఆగాలి.

ల్యాబ్_లక్ష్మి
ఆ ఒకే గట్టు విషయం కూడా వదలకండి. రెండు ట్యాంకులూ కారితే కింద కలిసేది అక్కడే. మధ్యలో అడ్డుగోడ కట్టించండి. పటిక ద్రావణం కూడా ఆమ్లమే, దాన్నీ హైపోకి దూరంగా ఉంచాలి. ఎండాకాలంలో హైపో బలం త్వరగా తగ్గిపోతుంది, కాబట్టి ఎక్కువ నిల్వ పెట్టుకోవడం వల్ల లాభం కూడా లేదు.

టానర్_బాబాయ్
మా దగ్గర హైపో కాదు, 900 కిలోల క్లోరిన్ టానర్లు, అంటే అడ్డంగా పడుకోబెట్టే పెద్ద సిలిండర్లు. లీకు అనుమానం వస్తే అమ్మోనియా ద్రావణంలో ముంచిన గుడ్డ దగ్గర పెడితే తెల్లటి పొగ వస్తుంది. లీకయ్యే చోట నీళ్లు మాత్రం కొట్టొద్దు. తడికి ఆమ్లం తయారై లోహాన్ని తినేస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది. వీలైతే రంధ్రం పైకి వచ్చేలా టానర్ తిప్పాలి, అప్పుడు ద్రవం కాకుండా గ్యాస్ మాత్రమే బయటికొస్తుంది. ఇదంతా శిక్షణ ఉన్నవాళ్లే, గాలి సిలిండర్ వీపున వేసుకుని చేయాలి. మిగతావాళ్లు గాలి వచ్చే వైపుకి, ఎత్తైన చోటికి వెళ్లాలి. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లంలోనే నిలుస్తుంది.

ఈటీపీ_శ్రీను
ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధి చేసే మాలాంటి చోట ఇంకో ప్రమాదం. సల్ఫైడ్ ఉన్న నీటిలో యాసిడ్ పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోకండి. గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు పనిచేయదు, వాసన పోయింది కదా అనుకుంటాం. మీటర్ లేకుండా సంపులోకి ఎవర్నీ దింపొద్దు. ఒకరు పడిపోతే కాపాడాలని దిగిన రెండోవాడూ పోతాడు అన్నా.

కొత్త_షిఫ్ట్_ఇన్‌చార్జ్
అందరికీ థాంక్స్. తాళాలు ఇవాళే వేయించాను, కప్లింగులకి, అడ్డుగోడకి ఇండెంట్ పెట్టాను. ఇంకో సందేహం: కళ్లు కడుక్కునే షవర్ నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. ట్యాంక్ రేకుల మీద ఉంది.

గోదావరి_ఆపరేటర్
ఇవాళే నీడలోకి దించు. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, అంత వేడి నీళ్ల కింద ఎవరూ నిలబడలేరు. పైపు కూడా ఎండ తగలకుండా మట్టిలో పూడ్పించు. వారానికోసారి తిప్పి చూస్తుండు, తుప్పు నీళ్లు రాకూడదు.