హైదరాబాదు–విజయవాడ ఒంటరి సైకిల్ ప్రయాణం: చివరి 35 కిలోమీటర్లలో సత్తువ ఎందుకు పోయింది?

ప్రశ్న | ఎల్బీనగర్ బాటసారి

అందరికీ నమస్కారం. గత డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో ఎల్బీనగర్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. అంతకుముందు నేను ఒక్క రోజులో తొక్కిన అత్యధిక దూరం 80 కిలోమీటర్లు, అది కూడా మిత్రులతో కలిసి. ఈసారి రెండు రోజుల్లో సుమారు 260 కిలోమీటర్లు పూర్తిచేశాను. ఆ సంతోషం ఉన్నప్పటికీ, రెండో రోజు కంచికచర్ల దాటిన తరువాత నా ఒంటికి ఏమైందో ఇప్పటికీ అంతుపట్టలేదు. ఫిబ్రవరిలో 200 కిలోమీటర్ల బ్రెవేలో (నిర్ణీత గడువులోగా పూర్తిచేయవలసిన సుదూర సైకిల్ ప్రయాణంలో) పాల్గొనాలని ఉంది కనుక, కారణం తెలుసుకోకుండా ముందుకు వెళ్లడానికి మనసు ఒప్పడం లేదు.

మొదటి రోజు ఉదయం అయిదింటికి బయలుదేరాను. చౌటుప్పల్ వరకు చలి, చీకటి, ఖాళీ రోడ్డు; సైకిల్ తనంతట తానే పోతున్నట్లు అనిపించి వేగం 25కు తగ్గకుండా తొక్కాను. నార్కట్‌పల్లిలో ఇడ్లీ తిన్నాను. నకిరేకల్ దాటి మూసీ వంతెన చేరేసరికి ఎండ ముదిరింది గాని ఇబ్బందేమీ కలగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సూర్యాపేటలో లాడ్జిలో దిగాను. సైకిల్‌ను కింద వదలడానికి మనసొప్పక, గుమాస్తాను బతిమాలి రెండో అంతస్తులోని గదికి మోసుకుపోయాను. ఆ రాత్రి అలసట వల్ల ఆకలి చచ్చిపోయి కాస్త పెరుగన్నం మాత్రమే తిని పడుకున్నాను.

రెండో రోజు అయిదున్నరకు బయలుదేరి, కోదాడలో రెండు ఇడ్లీలు, టీ ముగించుకుని, పాలేరు వాగు దాటి గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టినప్పుడు ఉత్సాహం ఆకాశాన్నంటింది. చిల్లకల్లు టోల్‌గేటు దాటాక వెనుక చక్రం పంక్చరైంది. ట్యూబు మార్చి గాలి కొట్టి రెండు కిలోమీటర్లు వెళ్లానో లేదో, మళ్లీ గాలి పోయింది. అప్పుడు గాని టైరు లోపలి వైపు వేలితో తడిమి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఇనుప తీగ ఒకటి, వెంట్రుకంత మందాన, టైరులో గుచ్చుకుని లోపలికి చుక్కంత మొన తేలి ఉంది. గోళ్లు తీసుకునే కట్టరుతో దానిని పట్టి లాగేసరికి చూపుడువేలు కూడా చీరుకుంది. ఈ వ్యవహారానికి దాదాపు గంట పట్టింది. పక్కనే చెరకురసం బండి పెద్దాయన ఆ తతంగమంతా ఓపికగా చూసి, చివరికి, "బస్సులు బాగానే తిరుగుతున్నాయి కదయ్యా, ఈ అవస్థ ఎందుకు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పోయిన సమయాన్ని రాబట్టుకోవాలని నందిగామ వరకు ఆగకుండా తొక్కాను. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాను, మూడు లీటర్ల పైనే తాగి ఉంటాను. కంచికచర్ల వద్ద ఒక్కసారిగా కాళ్లలో బలం పోయింది. తల దిమ్ముగా, కడుపులో వికారంగా ఉండి, ఎదురుగా కనిపిస్తున్న మైలురాయి మీద అంకె చదవడానికి కూడా ప్రయత్నం చేయవలసి వచ్చింది. రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. కారణం లేకుండా కళ్లలో నీళ్లు తిరిగాయి. విజయవాడ దుర్గమ్మ గుడి దగ్గర సైకిల్ ఆపేసరికి ఆ 35 కిలోమీటర్లకు మూడు గంటల పది నిమిషాలు పట్టింది. ముందురోజు అంతే దూరాన్ని గంటన్నరలో తొక్కినవాడిని. నాకు సాధన చాలలేదా, లేక మరేదైనా పొరపాటు చేశానా?

జవాబు 1 | పాతచైను

ముందుగా అభినందనలు. 80 నుంచి 260కి ఒక్క గంతు వేయమని నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను, కాని వేశారు, గమ్యం చేరారు. సాధన చాలలేదన్న మాట పూర్తిగా అబద్ధం కాకపోయినా అసలు కారణం అది కాదు. మీరు రాసిన దానిలో మీరు తిన్న తిండిని లెక్కపెట్టి చూడండి, జవాబు అక్కడే ఉంది.

మన కండరాలలోను కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం మొత్తం కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే రెండు వేల క్యాలరీలకు మించదు. కొవ్వు ఎంత ఉన్నా అది మెల్లగా కాలే పిడక వంటిది. గట్టిగా తొక్కే కొద్దీ ఒళ్లు గ్లైకోజెన్‌నే ఎక్కువగా అడుగుతుంది. మొదటి రోజు చల్లని గాలిలో 25 వేగంతో తొక్కి ఆ నిల్వను బాగా ఖాళీ చేశారు. అది మళ్లీ పూర్తిగా నిండడానికి బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. మీరు కాస్త పెరుగన్నంతో సరిపెట్టారు. కాబట్టి రెండో రోజు ఉదయం సగం టాంకుతో బయలుదేరి, దాని మీద రెండు ఇడ్లీలు పోశారు. రెండు ఇడ్లీలలో ఉండే పిండిపదార్థం దాదాపు ఒక అరటిపండులో ఉన్నంతే.

ఇలా సత్తువ ఆవిరైపోవడాన్ని మన సైక్లిస్టులు "బాంక్ అయ్యాను" అంటుంటారు. ఖాతా ఖాళీ అయిందని అర్థం చేసుకున్నా తప్పులేదు. మెదడుకు చక్కెర అందక మైలురాయి మీద అంకె చదవలేకపోవడం, ఊరికే ఏడుపు రావడం దాని గుర్తులే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, ఆకలితో నిమిత్తం లేకుండా, మొదటి గంట నుంచే లోపలికి వెళ్తూ ఉండాలి. అందుకు ఒక అరటిపండు, కొంచెం పల్లీ చిక్కి చాలు. చెరకురసం మీ పక్కనే ఉండి కూడా ఒక్క గ్లాసు తాగకపోవడం నాకు బాధ కలిగించింది.

నీళ్ల విషయం వేరు. చెమటతో ఉప్పు పోతూ ఉండగా ఉత్త నీళ్లు మాత్రమే మూడు లీటర్లు పోసుకుంటే రక్తంలో సోడియం పలచబడి తలదిమ్ము, వికారం కలగవచ్చు. మీకు జరిగింది అదేనని గట్టిగా చెప్పలేను గాని, రెండు సీసాలలో ఒకదానిలోనైనా ఓఆర్‌ఎస్ కలపండి. ప్యాకెట్టు మీద లీటరుకు అని రాసి ఉంటే లీటరుకే కలపండి. రుచి కోసం సగం నీళ్లలో కలిపితే మేలు జరగదు.

జవాబు 2 | ఎదురుగాలి

పాతచైను గారు చెప్పినదంతా సరైనదే గాని, తిండి ఒక్కటే కారణమన్నట్లు రాయడం నాకు సమ్మతం కాదు. నేను ఆ రోడ్డు మీద రెండు వైపులా తొక్కినవాడిని. డిసెంబరులో మన ప్రాంతం మీద గాలి ప్రధానంగా ఈశాన్యం, తూర్పు దిక్కుల నుంచి వీస్తుంది. విజయవాడ వైపు వెళ్లే రోడ్డు తూర్పు, ఆగ్నేయాలకు సాగుతుంది. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది కనుక చౌటుప్పల్ వరకు మీకు రెక్కలు వచ్చినట్లు అనిపించి ఉంటుంది; మధ్యాహ్నానికి కృష్ణా మైదానంలో చెట్టుచేమ అడ్డులేని చోట అదే గాలి ఛాతీ మీద చెయ్యిపెట్టి నెట్టినట్లు ఉంటుంది.

దీనిని లెక్కలో చూడండి. గాలి నిరోధం మన సాపేక్ష వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్లతో తొక్కుతున్నవాడికి 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలి దృష్టిలో అతను 30తో పోతున్నట్లు లెక్క, అంటే నిరోధం రెండుంపావు రెట్లు. ఒంటరిగా ఉన్నప్పుడు ముందు నడిచి గాలిని చీల్చేవారెవరూ ఉండరు. మిత్రులతో తొక్కిన 80 కిలోమీటర్ల అనుభవం ఇక్కడ కొలబద్ద కాకపోవడానికి ఇదే కారణం. అటువంటి వేళ స్పీడు మీటరు చూడడం మానేసి, ఒక గేరు తగ్గించి, మోచేతులు వంచి, ఒళ్లు కిందికి దించి, గంటకు 15 వచ్చినా చాలునని సరిపెట్టుకోవాలి.

"విజయవాడ దాకా అంతా దిగుడే" అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాటను కూడా మరచిపోండి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, విజయవాడ 20 మీటర్ల పైచిలుకున ఉన్న మాట నిజమే. కాని ఆ అయిదు వందల మీటర్లను 260 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు రెండు మీటర్లు వస్తుంది. మధ్యలో వచ్చే ఫ్లైఓవర్లు ఎక్కిదిగడంలోనే అది కరిగిపోతుంది.

జవాబు 3 | బెజవాడ సైకిలమ్మ

చేతులు, మోకాలి సంగతి పై ఇద్దరూ పట్టించుకోలేదు, కాబట్టి అది నా వంతు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయంటే అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం గంటల తరబడి హ్యాండిల్ మీద నలిగిందని అర్థం. మీరు రాయలేదు గాని, బట్టలూ సామానూ భుజాల సంచిలో మోసుకెళ్లారని నా అనుమానం. ఆ బరువు ముందుకు వాలి చేతుల మీద పడుతుంది. వెనుక క్యారియరు కట్టించి సంచిని దాని మీదకు మార్చండి, అయిదు నిమిషాలకోసారి పట్టు మార్చుకోండి. తిమ్మిరి కొన్ని రోజుల తరువాత కూడా పూర్తిగా వదలకపోతే వైద్యులకు చూపించండి.

మోకాలి ముందు నొప్పికి తరచుగా సీటు తక్కువ ఎత్తులో ఉండడం గాని, బరువైన గేరులో బలవంతాన తొక్కడం గాని కారణమవుతుంది. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాపినట్లు ఉండాలి. ఇంకా వంగి ఉంటే సీటును కొద్దికొద్దిగా పెంచండి, ఒక్కసారిగా కాదు.

ఇక ఒంటరితనం గురించి. నేను కూడా మొదటిసారి గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఒక్కదాన్నే వెళ్లినప్పుడు సరిగ్గా ఇలాగే, చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క కూలబడ్డాను. నలుగురితో వెళ్తే ఎవరో ఒకరు "ఏదైనా తిందాం ఆగండి" అంటారు, మీ ముఖం చూసి "వాలిపోతున్నావేమిటి" అని అడుగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అనవలసినది మన మెదడే, చక్కెర తగ్గినప్పుడు మొదట మొద్దుబారేది కూడా అదే. అప్పటికి ఆలోచించే శక్తి ఉండదు కనుక నిర్ణయాలన్నీ ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లాలి. నా చేతి గడియారం ప్రతి ముప్పై నిమిషాలకు మోగుతుంది; మోగితే ఆకలి ఉన్నా లేకపోయినా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాను, నాతో నేను వాదించను. అలాగే ఏ ఊరు ఏ గంటకు దాటానో మా అక్కకు ఒక్క ముక్క సందేశం పంపుతాను. భద్రత సంగతి అటుంచితే, ఆ సందేశం టైపు చేయడానికి ఆగినప్పుడే నేను సరిగ్గా ఉన్నానో లేదో నాకు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు | ఎల్బీనగర్ బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివిన తరువాత ఫోనులో నమోదైన ప్రయాణాన్ని తెరిచి, యూపీఐ చెల్లింపుల జాబితాను పక్కన పెట్టుకుని చూశాను. కోదాడలో హోటలుకు డబ్బు కట్టింది ఉదయం 7:50కి. ఆ తరువాత చెల్లింపు కంచికచర్లలో, మధ్యాహ్నం 1:25కి, ఒక కూల్‌డ్రింకుకు. మధ్యలో జేబులో ఉన్న ఒక బిస్కెట్ ప్యాకెట్టు తప్ప మరేమీ తినలేదు. అయిదున్నర గంటలు అలా గడిచిపోయాయని నాకు స్ఫురించనే లేదు. పంక్చరు గొడవలో ఉండగా తిన్నట్లే అనుకున్నాను కాబోలు.

గాలి సంగతి ఎదురుగాలి గారు చెప్పినట్లే ఉంది. నందిగామ ముందు నా గుండె వేగం ఉదయం కన్నా ఎక్కువగానే ఉండగా, సైకిల్ వేగం మాత్రం 17కు పడిపోయింది. అంటే నేను నెమ్మదించలేదు, ఇంకా గట్టిగా తొక్కాను. సంచి విషయంలో సైకిలమ్మ గారి అనుమానం నిజం: ఆరు కిలోల సంచి, రెండు రోజులూ భుజాల మీదే. సీటును నిన్న కొలిచి చూస్తే మడమ పెట్టినప్పుడు మోకాలు స్పష్టంగా వంగుతోంది.

బ్రెవేలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది కాబట్టి వేగం గురించి ఆందోళన తగ్గింది. వచ్చే ఆదివారం క్యారియరు కట్టించిన సైకిల్‌తో నార్కట్‌పల్లి వరకు వెళ్లి తిరిగి వస్తాను. రానూపోనూ సుమారు 150 కిలోమీటర్లు. గడియారం ప్రతి అరగంటకు మోగేలా పెట్టాను. వెళ్లేటప్పుడు ఎంత మెల్లగా తొక్కాలి?

జవాబు 4 | పాతచైను

పక్కన ఎవరైనా ఉంటే ఆయాసపడకుండా పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగేంత మెల్లగా. ఎవరూ ఉండరు కనుక పద్యమో పాటో పైకి పాడుకుంటూ చూడండి; చరణం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్లే. గాలి విషయంలో నేను తగ్గుతున్నాను, ఎదురుగాలి గారి లెక్క నా లెక్కకు తోడవుతుందే గాని అడ్డు కాదు. ఈసారి గోళ్ల కట్టరు బదులు చిన్న పట్టకారు ఒకటి పెట్టుకోండి, ట్యూబులు రెండు తీసుకెళ్లండి.