సమస్యాపూరణం: ‘దొంగిలించినతడు దొడ్డవాడు’

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడు పాదాలూ సభ్యులు పూరించాలి. వస్తువు, ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన ‘లే మిజరాబ్ల్’ నవల. అందరం చదివాం, అందరమూ ఒక్క మాట మీద లేము. మెచ్చినవారైనా నొచ్చినవారైనా పద్యంలోనే చెప్పండి అన్నాను.

విజయనగరం మాస్టారి పూరణ

రొట్టె ముక్క కొరకు రోదించు పసివారి
కడుపు నింపఁదలచి గాజుఁ బగుల
గొట్టి జైలుకేగి కోల్పోయె వయసంత
దొంగిలించినతడు దొడ్డవాడు

మాస్టారూ, ధార చక్కగా ఉంది. అక్క పిల్లలు ఏడుగురి ఆకలి, పగిలిన రొట్టెల దుకాణం అద్దం, అయిదేళ్ల శిక్ష తప్పించుకోబోయిన ప్రతిసారీ పెరిగి పంతొమ్మిదేళ్లు కావడం, అంతా మూడు పాదాల్లో ఇమిడింది. ‘జైలుకేగి’ బదులు ‘చెరకు నేగి’ అంటే గ్రాంథికంగా ఉంటుందని ఒక సభ్యురాలు సూచించారు. గణం సరిపోతుంది కానీ చదవగానే చెరుకుతోట గుర్తుకొస్తుంది. ‘జైలు’నే ఉంచండి. నా అభ్యంతరం భావం మీద. నవలా నాయకుడు జాఁ వల్జాఁ మీద మనకు జాలి కలిగింది, దొడ్డతనం మాత్రం ఇంకా నిరూపణ కాలేదు. చెర నుంచి వచ్చేనాటికి అతడు లోకం మీద పగబట్టిన మనిషి. ఆశ్రయమిచ్చిన ఇంట్లోనే వెండి ఎత్తుకుపోయాడు.

హైదరాబాదు మిత్రుడి పూరణ

కథను నిలిపి రణము, కాలువ లనుచును
పుటలు పుటలు నింపి పొద్దుపుచ్చి
నాల్గు నెలల నిద్ర నన్నడుగక తాను
దొంగిలించినతడు దొడ్డవాడు

ఇక్కడ దొంగ హ్యూగోనే! రెండో భాగం తెరిస్తే వాటర్లూ యుద్ధం, వల్జాఁ తన పెంపుడు కూతురి ప్రియుడు, గాయపడ్డ మారియస్‌ను భుజాన వేసుకుని పారిస్ భూగర్భంలో దిగితే ఆ మురుగుకాలువల చరిత్ర. మిత్రుడి ఫిర్యాదు న్యాయమే. పారిస్ అంత మహానగరంలో తెనార్దియే అనే ఆ దుర్మార్గపు సత్రం యజమాని ప్రతి మలుపులోనూ ఎదురుపడటం తనకు నమ్మశక్యంగా లేదని కూడా రాశారు. అయినా మూడో పాదంలో నిద్ర పోగొట్టుకున్నానని ఒప్పుకున్నారు. నిందలా మొదలై స్తుతిగా తేలింది కనుక మంచి వ్యాజస్తుతి. ఒక్క లోపం, ‘కాలువ’ అనగానే పంటకాలువ స్ఫురిస్తుంది. ‘రణము’ తీసి ‘మురుగు’ పెట్టినా గణం చెడదు. వాటర్లూను వదులుకోలేనని ఆయన జవాబు. కవి ఇష్టం.

ఈ రెండు మనసులు మనకు కొత్తగా పుట్టినవి కావు. నవల వచ్చిన ఏడాదే ఫ్రెంచి కవి బోదలేర్ పత్రికలో దాన్ని మెచ్చుకుని, తల్లికి రాసిన ఉత్తరంలో తీసిపారేశాడు. నవలాకారుడు ఫ్లోబేర్‌కు అందులో సత్యమూ కనిపించలేదు, ఘనతా కనిపించలేదు.

కొత్త సభ్యుడి పూరణ

మొదట పంపిన తొలి పాదం ఇది: ‘చట్టమొకటె తనకు దైవమ్మనుకొనుచు’. గణాలు సరిపోయాయి, యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరవలసిన మైత్రి, తప్పింది. ‘చ’కు ‘దై’ చెల్లదు. చ, జ, శ, ష, సలలో ఏదైనా పడాలని చెప్పాను. గంటలో సవరించి పంపారు:

చట్టమొకటె తనకు సర్వస్వమనుకొన్న
భటుని గుండెలోని బండ కరగఁ
గట్లు కోసి పంపి కాఠిన్యమంతయు
దొంగిలించినతడు దొడ్డవాడు

తన్ను జీవితమంతా వేటాడిన పోలీసు అధికారి జవేర్ తన చేతికే చిక్కినప్పుడు, చంపే అధికారం ఉండి కూడా వల్జాఁ కట్లు కోసి విడిచిపెట్టిన ఘట్టం. దీనిమీద చర్చ చాలాసేపు సాగింది. ‘కాఠిన్యం పోయాక జవేర్ బతకలేదు కదా, సేన్ నదిలో దూకాడు. మనిషి నిలబడటానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ లాగేయడం దొడ్డతనమా?’ అని మాస్టారు అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. ఈ నవల మెలోడ్రామా అని తేల్చేసేవాళ్లు జవేర్ చివరి రాత్రి మళ్లీ చదవాలని నా మనవి. అక్కడ ఏడుపు లేదు, యాదృచ్ఛికం లేదు. ఒక పోలీసు తన జీవితంలో తొలిసారి సందేహంలో పడ్డాడు, అంతే.

గుంటూరు సోదరి పూరణ

వెండి గరిటెలకును వెండి సెమ్మెలఁ జేర్చి
‘నీవె’ యనుచు నొసఁగి నెమ్మదిగను
దొంగ గుండెలోని దుఃఖంబు రోషంబు
దొంగిలించినతడు దొడ్డవాడు

సమస్యను ఇచ్చేటప్పుడు నాకే తట్టని విరుపు ఇది. అందరం దొంగ ఎవరా అని వల్జాఁ వైపే చూశాం. ఈమె బిషప్ మిరియేల్ వైపు తిరిగారు. భటులు దొంగను పట్టి తెస్తే, ఇవి నేనిచ్చినవే, దీపపు సెమ్మెలు కూడా ఇచ్చానుగా, ఎందుకు వదిలి వెళ్లావు అన్న ముసలాయన అసలు దొంగ! ‘నెమ్మదిగను’ పాదం నింపడానికి వేసిన మాటలా కనిపించినా, ఆ బిషప్ స్వభావం అదే. ‘నీవె’ అన్న రెండక్షరాల్లో క్షమ అంతా ఉంది. ఈ నవల ఆధారంగా తీసిన ‘బీదల పాట్లు’ సినిమాలో నాగయ్య నటన చూసిన తన అమ్మమ్మ ఈ కథను దొంగ కథగా కాక సెమ్మెల కథగానే చెప్పేవారని సోదరి రాశారు.

ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. కొత్త సభ్యుడికి రెండో స్థానం. హైదరాబాదు మిత్రుడు ఒప్పుకోకపోతే, వల్జాఁ చనిపోయే గదిలో ఆ సెమ్మెలు వెలుగుతూ ఉండే పుటలు తెరిచి, తన అభ్యంతరం మరో ఆటవెలదిలో పంపాలి.