ఖాళీ గ్యాలరీల ఫుట్‌బాల్: ఆడించాల్సిందా, ఆపేయాల్సిందా?

ఆఫ్‌సైడ్ రావు:
హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో గెలిచిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ట్రోఫీ గురించి మరో చర్చలో ఒకాయన "జనమే లేని లీగ్‌లో గెలిచారు, దాన్నేం లెక్కేస్తాం" అన్నారు. అక్కడ మాట పక్కదారి పడుతోందని విడిగా ఇక్కడ పెడుతున్నా. 2020 లాక్‌డౌన్ తర్వాత ఖాళీ స్టేడియంలలో ఆట మళ్లీ మొదలైంది: మే 8న దక్షిణ కొరియా, 16న జర్మనీ, జూన్ 11న స్పెయిన్, 17న ఇంగ్లండ్, 20న ఇటలీ. ఫ్రాన్స్, నెదర్లాండ్స్ సీజన్‌ను మధ్యలోనే ఆపేశాయి. అలా ఆడించడం సబబేనా? ఆ ఫలితాలకు మామూలు విలువ ఇవ్వొచ్చా? తిట్లు వద్దు, వివరాలతో రండి.

పసుపు గోడ:
ఆపేయాల్సింది, రెండో మాట లేదు. జర్మనీలో మొదటి రోజే జరిగిన డార్ట్‌మండ్–షాల్కే మ్యాచ్ చూడండి. 81,365 మంది పట్టే స్టేడియం. ఒక్క సౌత్ స్టాండ్‌లోనే పాతిక వేల మంది నిలబడి చూస్తారు. ఆ రోజు లోపలా బయటా కలిపి అనుమతి సుమారు 300 మందికి. 4-0తో గెలిచిన ఆటగాళ్లు వెళ్లి ఆ ఖాళీ స్టాండ్ ఎదుట వరసగా నిలబడి సంబరం చేసుకున్నారు. ఎవరి కోసం? సీజన్ ఆగితే 75 కోట్ల యూరోలు పోతాయని లీగ్ పెద్దలే చెప్పారు. అంటే ఆట మొదలైంది టీవీ వాయిదా డబ్బు కోసం. జర్మనీ అల్ట్రా గ్రూపులు (స్టాండ్లలో పాటలు, జెండాలతో హోరెత్తించే వీరాభిమానుల సంఘాలు) ఏప్రిల్‌లోనే ఉమ్మడి ప్రకటన ఇచ్చి వద్దన్నాయి. అసలు అభిమానులు వాళ్లే కదా, వాళ్ల మాట ఎవరు విన్నారు?

డగౌట్ డేటా:
గోడ గారూ, డబ్బు కోసమే అన్నది నిజం, అది ఎవరూ దాచలేదు. కానీ అజాగ్రత్తగా మొదలుపెట్టలేదు. జర్మనీ పై రెండు డివిజన్ల 36 క్లబ్బుల్లో మొదటి విడత 1,724 పరీక్షలు చేస్తే 10 పాజిటివ్ వచ్చాయి. మ్యాచ్‌లకు ముందు వారం రోజులు జట్టంతా ఒకే హోటల్లో. స్టేడియాన్ని మూడు జోన్లు చేశారు: మైదానం, స్టాండ్లు, బయటి ఆవరణ. ఒక్కో జోన్‌లో వంద మందికి అటూ ఇటూ. బెంచి మీద మాస్కులు, మధ్యలో ఖాళీ సీట్లు. కరచాలనాలు లేవు, జట్టు ఫొటో లేదు.

తేడా కొట్టింది కాగితం మీద కాదు, మనుషుల దగ్గర. హెర్తా ఆటగాడు కలూ డ్రెస్సింగ్ రూమ్‌లో అందరితో చేతులు కలుపుతూ ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టేశాడు, క్లబ్ సస్పెండ్ చేసింది. ఆగ్స్‌బర్గ్ కోచ్ హెర్లిష్ టూత్‌పేస్ట్ కొనుక్కోవడానికి హోటల్ దాటాడు, దాంతో కొత్త ఉద్యోగంలో తన మొదటి మ్యాచ్‌కే దూరమయ్యాడు.

అసలు అన్యాయం డ్రెస్డెన్‌కు జరిగింది. కొలోన్‌లో ముగ్గురికి పాజిటివ్ వస్తే ఆ ముగ్గురినే పక్కన పెట్టి మిగతావాళ్లు ప్రాక్టీస్ చేసుకున్నారు. రెండో డివిజన్‌లో ఉన్న డ్రెస్డెన్‌లో ఇద్దరికి వస్తే అక్కడి ఆరోగ్య శాఖ జట్టు మొత్తాన్ని 14 రోజులు ఇళ్లలో కూర్చోబెట్టింది. తర్వాత మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు ఆడి, చివరి స్థానంలో నిలిచి మూడో డివిజన్‌కు పడిపోయారు. ఒకే లీగ్, ఒకే నియమావళి, ఊరు మారితే తీర్పు మారింది. జనం లేకపోవడం కంటే నన్ను గుచ్చేది ఇదే.

కూకట్‌పల్లి కార్నర్:
ఇవన్నీ ఓకే భయ్యా, ఆ దొంగ సౌండ్ సంగతేంది? వీడియో గేమ్ కోసం రికార్డ్ చేసిన జనం గోలను తెచ్చి మ్యాచ్ మీద పోసిండ్రు. స్పెయిన్‌లో ఇంకో మెట్టు ఎక్కి, సీట్ల మీద రంగురంగుల బొమ్మ జనాన్ని గ్రాఫిక్స్‌లో పరిచిండ్రు. కెమెరా యాంగిల్ మారంగనే ఖాళీ కుర్చీలు! నాకైతే అది అభిమానిని ఎక్కిరించినట్టే ఉంటది.

డగౌట్ డేటా:
సౌండ్ ఎందుకు అతకలేదో చెప్తా. నిజమైన జనం బంతి కంటే ముందు ఉంటారు. వింగర్‌కు ఖాళీ దొరకగానే లేస్తారు, షాట్ కొట్టేలోపే అరుపు సగం పైకి వెళ్లిపోతుంది. ఆపరేటర్ అయితే స్క్రీన్ చూసి, జరిగింది గుర్తించి, మీట నొక్కాలి. ఎంత చురుకైనవాడైనా ఒక క్షణం వెనకే. గోల్ తప్పినప్పుడు వచ్చే ఆ నిట్టూర్పు మరీ ఇబ్బంది, ఒక్కోసారి కీపర్ బంతి పట్టి విసిరేసే టైముకు వినిపించేది. అయినా అది బలవంతం కాదు. ఇంగ్లండ్‌లో స్కై టీవీ సౌండ్ ఉన్న ఛానెల్, లేని ఛానెల్ రెండూ ఇచ్చింది. లేని దాంట్లో కోచ్ డిఫెండర్లను ఎలా జరుపుతున్నాడో, కీపర్ ఎప్పుడు పిలుస్తున్నాడో వినొచ్చు. ఆట నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి పాఠం దొరకదు.

పసుపు గోడ:
పాఠాల కోసం అకాడమీలు ఉన్నాయి సార్. మోన్షెన్‌గ్లాడ్‌బాక్‌లో 19 యూరోలు కడితే మీ ఫొటోను అట్ట బొమ్మ చేసి సీట్లో పెట్టారు. అది కొంత నయం, అభిమానులే నడిపారు. సియోల్‌లో నిలబెట్టిన బొమ్మలు శృంగార బొమ్మలని బయటపడి ఎఫ్‌సీ సియోల్‌కు 10 కోట్ల వాన్ జరిమానా పడింది. ఖాళీని ఖాళీగా వదిలేసే ధైర్యం లేకపోతే జరిగేది ఇదే.

కాప్ వైజాగ్:
నవ్వులు తర్వాత, ఫలితాల సంగతికి వద్దాం. జర్మనీ టాప్ లీగ్ బుందెస్‌లీగా మళ్లీ మొదలైన రౌండ్‌లో 9 మ్యాచ్‌లు. సొంత మైదానంలో గెలిచింది ఒక్క డార్ట్‌మండ్. 5 అవే జట్లు (బయటి ఊరి నుంచి వచ్చినవి) గెలిచాయి, 3 డ్రా. ఒక్క రౌండ్‌తో తీర్పు చెప్పకూడదంటారా, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2020–21 మొత్తం తీసుకోండి: హోమ్ జట్ల విజయాలు 144, అవే జట్లవి 153. ఆ లీగ్ చరిత్రలో అవే విజయాలు ఎక్కువైన మొదటి సీజన్ అది. అవే జట్లకు ఎల్లో కార్డులు తగ్గాయని ఆ మ్యాచ్‌లపై వచ్చిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. అంటే వేల మంది ఒక్కసారిగా "హే" అన్నప్పుడు రిఫరీ చెయ్యి కార్డు కోసం జేబులోకి పోతుంది. జనం లేకపోతే పోదు.

లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓడలేదు. 2021లో అదే మైదానం ఖాళీగా ఉంటే వరసగా ఆరు ఓడింది. మా జట్టే కాబట్టి సాకు కూడా నేనే చెప్తా: డిఫెండర్లు వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ముగ్గురూ గాయాలతో లేరు, మిడ్‌ఫీల్డర్ హెండర్సన్ డిఫెన్స్‌లో నిలబడ్డాడు. మొత్తం గ్యాలరీ మీద తోసేయలేం.

కూకట్‌పల్లి కార్నర్:
అన్నా, నువ్వు చెప్పేది గోడ గారి వైపే పోతుంది కదనే. జనం లేకుంటే ఫలితం మారుతదంటే, ఆ సీజన్ల లెక్క చెల్లదన్నట్టే.

కాప్ వైజాగ్:
కాదు తమ్ముడూ, ఏ సీజన్ అన్నది చూడాలి. జర్మనీలో 2019–20లో 34 రౌండ్లలో 25 జనంతో, 9 జనం లేకుండా జరిగాయి. ఇంగ్లండ్‌లో 92 మ్యాచ్‌లు మిగిలాయి. ఇక్కడే తిరకాసు. ఒక జట్టు గట్టి ప్రత్యర్థి ఊరికి నిండు గ్యాలరీ ఉన్నప్పుడే వెళ్లొచ్చింది, అదే ప్రత్యర్థి వీళ్ల ఊరికి వచ్చేసరికి గ్యాలరీ ఖాళీ. దెబ్బ తిన్నారు, తిరిగి కొట్టే అవకాశం లేదు. ఎవరికి ఎన్ని హోమ్ మ్యాచ్‌లు మిగిలాయన్నది కేవలం షెడ్యూల్ అదృష్టం. మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఖాళీగా నడిచిన సీజన్‌లో ఆ తేడా ఉండదు, నష్టం అందరికీ ఒకటే. కాబట్టి నా లెక్కలో అనుమానపు సీజన్ 2019–20. ఆ తర్వాతవి కావు.

ఆఫ్‌సైడ్ రావు:
ఈ కోణం ఎవరూ ఎత్తలేదు, బాగుంది. మరి గోడ గారు అన్నట్టు ఆపేసి ఉంటే? ఇంగ్లండ్ మూడో డివిజన్ లీగ్ వన్‌లో ఆపేశారు కూడా. టికెట్ డబ్బు లేకుండా వారం వారం పరీక్షల ఖర్చు భరించలేమని క్లబ్బులే జూన్ 9న ఓటేశాయి. పట్టికను ఒక్కో మ్యాచ్‌కు సగటు పాయింట్లతో తేల్చారు. పీటర్‌బరోకు 35 మ్యాచ్‌ల్లో 59 పాయింట్లు, వైకోంబ్‌కు 34 మ్యాచ్‌ల్లో అవే 59. భాగిస్తే 1.69, 1.74. ఎనిమిదో స్థానంలో ఉన్న వైకోంబ్ మూడుకు ఎగబాకింది, ఆరులో ఉన్న పీటర్‌బరోకు ప్లేఆఫ్ (పై డివిజన్‌కు వెళ్లే చివరి చోటు కోసం ఆడే పోటీ) చేజారింది. ఆ ప్లేఆఫ్ ఫైనల్‌ను మళ్లీ ఖాళీ వెంబ్లీలోనే ఆడించారు, వైకోంబ్ గెలిచి పై డివిజన్‌కు వెళ్లింది! కాలిక్యులేటర్‌తో ఇంటికి పంపడం కంటే ఖాళీ మైదానంలో ఓడించడమే మర్యాద అని నా ఉద్దేశం.

పసుపు గోడ:
రావు గారూ, ఆపితే న్యాయం జరుగుతుందని నేను అనలేదు, ఆపితే నిజాయితీగా ఉంటుందంటున్నాను. నెదర్లాండ్స్ ఛాంపియన్‌నే ప్రకటించలేదు. అది పద్ధతి. ఇంకోటి, జనాన్ని లోపలికి రానివ్వకపోతే బయట పోగవరని ఎవరు చెప్పారు? మార్చి 11న పారిస్‌లో మూసిన తలుపుల వెనక పీఎస్‌జీ (పారిస్ క్లబ్)–డార్ట్‌మండ్ మ్యాచ్ జరిగితే గేట్ల బయట వేల మంది. జూన్ 25న లివర్‌పూల్ టైటిల్ ఖాయమైన రాత్రి ఆన్‌ఫీల్డ్ బయట అదే సీను.

కాప్ వైజాగ్:
ఒప్పుకుంటా, ఆ రాత్రి మా వాళ్లది తప్పే. కానీ లోపలికి రానిస్తే ఏమవుతుందో కూడా అదే మార్చి 11న ఆన్‌ఫీల్డ్‌లోనే చూశాం: 52,000 మంది, అందులో వైరస్ అప్పటికే ముదిరిన మాడ్రిడ్ నుంచి వచ్చినవాళ్లు మూడు వేల మంది. జనంతో ఆడించడం అన్న దారి అసలు లేదు.

కూకట్‌పల్లి కార్నర్:
సరే, ఇగ హైదరాబాద్ లెక్క తేలుద్దాం. కాప్ అన్న చెప్పిన కొలత పెడితే మన ట్రోఫీకి ఢోకా లేదు. 2020–21, 2021–22 రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలోనే, ఫటోర్డా, బాంబోలిం, వాస్కో మూడు మైదానాల్లోనే జరిగినయ్. ఎవరికీ సొంత జనం లేరు. 2019–20ల గచ్చిబౌలిల జనం ముందు ఆడి 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో ఆఖరున ఉన్న టీమ్, కోచ్‌గ మనోలో మార్కెజ్ వచ్చినంక అయిదో స్థానం, ఆపైన రెండో స్థానం.

ఇగ ఫైనల్‌ల జనం లేరన్నోడు మ్యాచే చూడలే. 2022 మార్చి 20న ఫటోర్డా గేట్లు తెరిచిండ్రు. గ్యాలరీ మొత్తం ఎదుటి టీమ్ కేరళ బ్లాస్టర్స్ పసుపే. లీగ్‌ల వాళ్లకన్న పైన నిలిచింది మనం కాబట్టి పసుపు జెర్సీ మనకొచ్చింది, వాళ్లు నల్ల జెర్సీతో దిగిండ్రు. 68వ నిమిషంల వెనకబడి, 88వ నిమిషంల సాహిల్ తవోరా సమం చేసిండు. పెనాల్టీలల్ల మన కీపర్ కట్టిమణి మూడు ఆపిండు, 3-1. రెండేండ్లు ఖాళీ మైదానంల ఆడినోళ్లు ఎదుటోళ్ల జనం ముందు గెలిచిండ్రు, ఇంకేం గావాలె?

డగౌట్ డేటా:
పై ఏడాది గచ్చిబౌలికి తిరిగొచ్చి 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, అది కూడా కలపండి. ఆటకు నష్టం లేదు. క్లబ్బుకు ఉంది. ఊళ్లో పుట్టిన ఏడాదికే రెండు సీజన్లు ఊరికి కనిపించకుండా పోయిన జట్టు అది. బ్లాస్టర్స్‌కు అప్పటికే జనం ఉన్నారు, రెండేళ్లు ఆగి తిరిగొచ్చారు. మనకు అప్పటికి గ్యాలరీ అలవాటే పడలేదు. ఖాళీ స్టేడియం పాత క్లబ్బును, కొత్త క్లబ్బును ఒకేలా దెబ్బతీయదు.

పసుపు గోడ:
దీనితో మాత్రం గొడవ లేదు. అయితే ఐదు సబ్‌స్టిట్యూట్ల గురించి ఎవరూ మాట్లాడరేం? 2020 మే 8న "తాత్కాలికం" అని తెచ్చారు, ఎండల్లో వరస మ్యాచ్‌లని. మూడు విడతల్లో ఐదుగురు, హాఫ్‌టైమ్ అదనం. 2022లో శాశ్వతం చేసేశారు. పెద్ద బెంచి ఉన్న క్లబ్బుకు అది వరం.

ఆఫ్‌సైడ్ రావు:
ప్రీమియర్ లీగ్ 2020–21లో మూడుకే తిరిగి వెళ్లింది, చిన్న క్లబ్బులు ఓటేసి అడ్డుకున్నాయి. 2022–23లో ఒప్పుకున్నాయి. దీనికి వేరే చర్చ తెరుస్తా, సబ్‌ల లెక్కలన్నీ అక్కడికి తెండి.