ఆగస్టు 29న పుట్టిన మహిళలు ఎవరైనా తెలుసా?

మా పాప ఏడో తరగతి. ఆగస్టు 29న స్కూల్ అసెంబ్లీలో 'ఈ రోజు ప్రత్యేకత' తనే చదవాలి, టైమ్ రెండు నిమిషాలే. గిడుగు రామమూర్తి గారు (1863) ఎలాగూ ఉండాల్సిందే, తెలుగు భాషా దినోత్సవం కదా. వాడుక భాష కోసం పోరాడటమే కాదు, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం బడులు కూడా పెట్టారని చెప్తే పాప కళ్లు పెద్దవి చేసింది. తర్వాత హాకీ ధ్యాన్‌చంద్ (1905), జాతీయ క్రీడా దినోత్సవం. 1949లో సోవియట్ యూనియన్ తొలి అణుపరీక్ష కూడా ఇదే రోజు. నాగార్జున పుట్టినరోజు కూడా చేర్చమని వాళ్ల నానమ్మ పట్టు!

చిక్కేంటంటే, "అందరూ మగవాళ్లేనా నాన్నా?" అని పెన్ను పక్కన పడేసింది. నాకు దొరికింది ఒక్క హాలీవుడ్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. 1915లో పుట్టి, 1982లో సరిగ్గా పుట్టినరోజు నాడే పోయారు. కానీ ఏడో తరగతి పిల్లలకి ఆవిడ ఎవరో ఏం తెలుస్తుంది?

శాస్త్రవేత్త, క్రీడాకారిణి, రచయిత్రి, ఎవరైనా సరే, ఆ రోజు పుట్టినవాళ్లుంటే పేరు, సంవత్సరం చెప్పండి. ఏ పుస్తకంలో చూశారో కూడా రాస్తే మేలు. పోయినసారి వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మి తప్పు తేదీ రాసిస్తే టీచర్ అందరి ముందూ సరిదిద్దారు. ఆ సాయంత్రం పాప నాతో మాట్లాడలేదు.