రూట్ చేసిన ఫోన్‌కి అప్‌డేట్ వచ్చింది, రూట్ పోకుండా ఎలా వెయ్యాలి?

అన్నలూ, అక్కలూ, కాస్త సాయం చేయండి. మాది వైజాగ్, గాజువాక. నా ఫోన్ మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్ చేసి (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకుని) ఏడాది దాటింది. నిన్నట్నుంచి సిస్టమ్ అప్‌డేట్ అని నోటిఫికేషన్ వస్తూనే ఉంది, నొక్కాలంటే భయం, ఎందుకంటే పోయినసారి నాన్న ట్యాబ్‌లో ఇలాగే నొక్కేస్తే లోగో దగ్గరే ఆగిపోయి వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది, జగదాంబ దగ్గర షాపులో ఫ్లాష్ చేయిస్తే, అంటే సిస్టమ్ మళ్లీ కొత్తగా వేయిస్తే, బాగైంది గానీ అమ్మ ఫొటోలన్నీ పోయాయి. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

నా ఫోన్‌లో ఏ, బీ అని రెండు స్లాట్లు ఉన్నాయి, అంటే సిస్టమ్‌కి రెండు చోట్లు, ఒకటి వాడుకలో ఉంటే అప్‌డేట్ రెండోదాంట్లో (ఇన్‌యాక్టివ్ స్లాట్‌లో) పడుతుంది. నాకు తెలిసిన పద్ధతి ఇదీ: మాడ్యూల్స్ (మ్యాజిస్క్‌లో వేసుకునే అదనపు ప్యాకేజీలు) ఆపేసి, మ్యాజిస్క్‌లో రీస్టోర్ ఇమేజెస్ (అసలు బూట్ ఇమేజ్, అంటే ఫోన్ ఆన్ అవ్వడానికి వాడే ఫైల్, తిరిగి పెట్టే ఆప్షన్) నొక్కి, రీస్టార్ట్ చేయకుండా అప్‌డేట్ పూర్తిగా ఇన్‌స్టాల్ అవ్వనిచ్చి, అది రీస్టార్ట్ అడిగినప్పుడు ఒప్పుకోకుండా మళ్లీ మ్యాజిస్క్‌లోకెళ్లి ఇన్‌యాక్టివ్ స్లాట్‌లో ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు రీబూట్. వరస సరిగ్గానే ఉందా?

రీస్టోర్ చేసేటప్పుడు స్టాక్ బ్యాకప్ (కంపెనీ ఇచ్చిన అసలు బూట్ ఇమేజ్ కాపీ) లేదు అని వస్తే ఏం చేయాలి? ఇప్పుడున్న వెర్షన్‌దే బూట్ ఇమేజ్ తెచ్చి ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్‌కి కలిపి ఫైళ్లు వేసే మోడ్‌లో) వేస్తే డేటా ఉంటుందా? బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవ్వగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) మాత్రం మళ్లీ లాక్ చేయను, చేస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుందని తెలుసు. స్వయంగా చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.